అల్లర్లలో ఆగిపోయిన యాత్ర: రీఫండు ఎవరి బాధ్యత?

విదేశయాత్రకు కట్టే డబ్బులో చాలాభాగం బయలుదేరడానికి వారాలు, నెలల ముందే చేతులు మారుతుంది. విమాన సంస్థకు టికెట్టు సొమ్ము, హోటలుకు గది అద్దె, టూర్ ఆపరేటరుకు అడ్వాన్సు, బీమా సంస్థకు ప్రీమియం, రాయబార కార్యాలయానికి వీసా రుసుము వేర్వేరు తేదీలలో, వేర్వేరు షరతులపై చేరిపోతాయి. ఆ తరువాత వెళ్లవలసిన దేశంలో ప్రభుత్వం కూలినా, వీధులు రణరంగమైనా, కట్టిన సొమ్ములో ఎంత తిరిగి వస్తుందనేది యాత్రికుడు పడిన ఇబ్బందిని బట్టి తేలదు. ప్రయాణాన్ని మొదట ఎవరు రద్దుచేశారు, ఏ తేదీన రద్దుచేశారు, ఆ సేవను అందించడం ఆనాటికి నిజంగా అసాధ్యమైందా అనే మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులే దానిని తేలుస్తాయి.

2025 సెప్టెంబరులో నేపాల్‌లో చెలరేగిన ఆందోళన ఈ సమస్యను తెలుగు కుటుంబాల గడప దాకా తెచ్చింది. ఆ నెల 4న అక్కడి ప్రభుత్వం ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ సహా 26 సామాజిక మాధ్యమాలను నిలిపివేయగా, ఆ నిషేధానికీ, పాలకుల అవినీతికీ వ్యతిరేకంగా 8న యువతరం రోడ్డెక్కింది. ఆ ఒక్కరోజే 19 మంది మరణించారు. మర్నాడు పార్లమెంటు భవనానికీ, ప్రభుత్వ కార్యాలయాలున్న సింహదర్బారుకూ ఆందోళనకారులు నిప్పుపెట్టగా, ప్రధాని కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేశారు. అదే రోజు మూతపడిన కాఠ్మాండూ త్రిభువన్ అంతర్జాతీయ విమానాశ్రయం 10వ తేదీ సాయంత్రానికి గాని తెరుచుకోలేదు. పశుపతినాథుని దర్శనానికి, వైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటిగా ఎంచే ముక్తినాథ్‌కు, కైలాస మానససరోవర యాత్రకు వెళ్లిన తెలుగువారు హోటళ్లలో చిక్కుకోగా, ఢిల్లీలోని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ భవన్‌లు సహాయ కేంద్రాలను తెరిచాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 11న ప్రత్యేక విమానంలో రాష్ట్రవాసులను విశాఖపట్నానికీ, తిరుపతికీ చేర్చింది. ప్రభుత్వాలు చేసిన ఈ సాయం మనుషులను క్షేమంగా ఇల్లు చేర్చింది గాని, కట్టిన డబ్బు లెక్కలను మాత్రం యాత్రికులే స్వయంగా తేల్చుకోవలసి వచ్చింది.

టికెట్టు సొమ్ము: రీఫండు వేరు, పరిహారం వేరు

విమాన టికెట్టు విషయంలో భారతీయ ప్రయాణికునికి ఉన్న రక్షణ తక్కినవాటికన్నా స్పష్టమైనది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే అందరూ డీజీసీఏ అని పిలిచే నియంత్రణ సంస్థ, జారీచేసిన నిబంధనల ప్రకారం విమాన సంస్థ తన విమానాన్ని తానే రద్దుచేస్తే ప్రయాణికుడు మరో విమానంలో సీటునో, టికెట్టు సొమ్ము వాపసునో కోరవచ్చు. ఇక్కడ రెండు మాటలను వేరుగా అర్థం చేసుకోవాలి. రీఫండు అంటే ప్రయాణికుడు కట్టిన సొమ్మే అతనికి తిరిగి రావడం. పరిహారం అంటే కలిగిన అసౌకర్యానికి విమాన సంస్థ అదనంగా చెల్లించే మొత్తం. రాజకీయ అస్థిరత, అంతర్యుద్ధం, తిరుగుబాటు, అల్లర్లు, ప్రకృతి వైపరీత్యాలు, సమ్మెలు మొదలైనవాటిని నిబంధనలు 'అసాధారణ పరిస్థితులు'గా పేర్కొని, వాటివల్ల విమానం రద్దయితే పరిహారం చెల్లించనక్కరలేదని విమాన సంస్థలకు మినహాయింపు ఇచ్చాయి. ఈ మినహాయింపు పరిహారానికే పరిమితం. అల్లర్లు తమ చేతిలో లేనివి కాబట్టి టికెట్టు డబ్బు కూడా ఇవ్వబోమని కౌంటరులో ఎవరైనా చెబితే ఆ మాటకు నిబంధనలలో ఆధారం లేదు.

విమానం యథాప్రకారం ఎగురుతున్నా ప్రయాణికుడు భయపడి తానే టికెట్టును రద్దుచేసుకుంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. టికెట్టు ధరలో మూల చార్జీ, ఇంధన సర్‌చార్జీ, ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు అనే భాగాలుంటాయి. రద్దు రుసుము పేరిట విమాన సంస్థ గరిష్ఠంగా మూల చార్జీని, ఇంధన సర్‌చార్జీని ఉంచుకోవచ్చు. పన్నులను, విమానాశ్రయ రుసుములను మాత్రం 'నాన్ రిఫండబుల్' టికెట్టుపైన కూడా, ప్రయాణికుడు విమానం ఎక్కకపోయినా తిరిగి ఇవ్వాలి. ఉదాహరణకు రూ.18,000 టికెట్టులో మూల చార్జీ రూ.12,000, ఇంధన సర్‌చార్జీ రూ.2,000, పన్నులు, రుసుములు రూ.4,000 అనుకుంటే, విమాన సంస్థ రద్దుచేసినప్పుడు రూ.18,000 వాపసు రావాలి. ప్రయాణికుడే ముందు రోజు రద్దుచేసుకుంటే, షరతులు కఠినమైన టికెట్టుపై రూ.4,000 మాత్రమే చేతికి రావచ్చు. ఒక్కరోజు తొందరపాటు ఖరీదు రూ.14,000 అన్నమాట.

ఈ రెంటికీ నడుమ మూడో దారి ఒకటుంది. నేపాల్ ఆందోళన సమయంలో ఎయిరిండియా, ఇండిగో చేసినట్లుగా, కొన్ని తేదీల ప్రయాణాలకు రుసుము లేకుండా తేదీ మార్చుకునే వెసులుబాటును విమాన సంస్థలు తామే ప్రకటిస్తుంటాయి. టికెట్టు ఫలానా తేదీలోపు కొన్నదై ఉండాలి, ప్రయాణం ఫలానా తేదీల మధ్య ఉండాలి అని ఇలాంటి ప్రకటనకు రెండు హద్దులుంటాయి కాబట్టి, ఆ రెండు తేదీలనూ చూడకుండా తీసుకునే నిర్ణయం నష్టానికి దారితీస్తుంది. విమాన సంస్థ రీఫండు సొమ్మును తన వద్దే ఖాతాలో ఉంచి తరువాతి ప్రయాణానికి వాడుకోమనడాన్ని 'క్రెడిట్ షెల్' అంటారు. దానిని ఒప్పుకోవడమా, నగదు కోరడమా అనేది ప్రయాణికుని ఇష్టమని, సంస్థ దానిని అలవాటుగా అంటగట్టరాదని నిబంధనలు చెబుతున్నాయి. ఏజెంటు ద్వారా కొన్న టికెట్టుకు కూడా, ఏజెంటు విమాన సంస్థ ప్రతినిధే కాబట్టి, రీఫండు బాధ్యత విమాన సంస్థదే. విదేశీ విమాన సంస్థలు మాత్రం తమ స్వదేశపు నిబంధనల ప్రకారం రీఫండు ఇస్తాయి. ఈ తేడాను టికెట్టు కొనేటప్పుడే గుర్తుంచుకోవడం మంచిది.

ప్రత్యేక విమానంలో తిరిగి వచ్చినవారు తరచూ మరిచిపోయేది వాడని రిటర్న్ టికెట్టు. ఆ తేదీ విమానాన్ని సంస్థ రద్దుచేసి ఉంటే పూర్తి సొమ్ము అడగవచ్చు. సర్వీసులు పునరుద్ధరించిన తరువాతి తేదీకి టికెట్టు ఉన్నవారు దానిని ముందుగా రద్దు చేసుకోకపోతే వారిని 'నో షో'గా, అంటే చెప్పకుండా మానేసినవారిగా లెక్కించి పన్నులు, రుసుములు మాత్రమే వెనక్కు ఇస్తారు.

ప్యాకేజీ యాత్ర: ఒప్పంద పత్రమే చట్టం

రానుపోను టికెట్లు, బస, భోజనం, దర్శనాలు, స్థానిక రవాణా కలిపి ఒకే ధరకు అమ్మే ప్యాకేజీలో యాత్రికుని పరిస్థితి ఇంత భద్రంగా ఉండదు. మన దేశంలో ప్యాకేజీ యాత్రలకు ప్రత్యేక చట్టం లేదు. పర్యాటక మంత్రిత్వశాఖ టూర్ ఆపరేటర్లకు ఇచ్చే గుర్తింపు కూడా స్వచ్ఛందమే. అందువల్ల బుకింగు ఫారం వెనుక చిన్న అక్షరాలలో ముద్రించిన షరతులే ఆచరణలో చట్టంగా చెలామణీ అవుతున్నాయి. ఆ షరతులలో సాధారణంగా ప్రయాణ తేదీ దగ్గరపడేకొద్దీ పెరిగే రద్దు రుసుముల పట్టిక ఒకటి ఉంటుంది. నెల ముందు రద్దుచేసుకుంటే నాలుగో వంతు, పదిహేను రోజుల ముందైతే సగం, చివరి వారంలో అయితే మొత్తం సంస్థకే చెందుతుందన్న తరహాలో అది సాగుతుంది. అల్లర్లు చెప్పి రావు కాబట్టి, రద్దు నిర్ణయాలు ఎక్కువగా ఈ పట్టికలోని చివరి వరుసలోనే పడతాయి.

పట్టికకు కింద 'ఫోర్స్ మజూర్' అనే నిబంధన కనిపిస్తుంది. ఒప్పందం చేసుకున్న ఇరుపక్షాలలో ఎవరి ప్రమేయమూ లేకుండా, ఎవరూ అడ్డుకోలేని విధంగా వచ్చిపడే యుద్ధం, భూకంపం, అల్లర్ల వంటి ఘటనల వల్ల ఒప్పందం అమలు కాకపోతే ఏంచేయాలో చెప్పే నిబంధన ఇది. చాలా ఫారాలలో ఇది సంస్థ బాధ్యతను మాత్రమే తొలగిస్తుంది; యాత్రికుడు కట్టిన సొమ్ము ఏమవుతుందో చెప్పదు, చెప్పినా హోటళ్లు, విమాన సంస్థల నుంచి తమకు తిరిగి వచ్చినంత మేరకే ఇస్తామంటుంది.

ఒప్పందం ఈ విషయంలో మౌనంగా ఉంటే 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ఆదుకుంటుంది. ఒప్పందం కుదిరిన తరువాత దాని అమలు అసాధ్యమైపోతే అది చెల్లకుండా పోతుందని 56వ సెక్షన్ చెబుతుంది; అలా చెల్లకుండా పోయిన ఒప్పందం కింద లబ్ధి పొందినవారు దానిని తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ చెబుతుంది. అసాధ్యమంటే భౌతికంగా ఏ విధంగానూ చేయలేకపోవడమని మాత్రమే అర్థం చెప్పుకోనక్కరలేదని, ఒప్పందానికి పునాదిగా ఉన్న ఉద్దేశమే కూలిపోయినా ఈ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1953లో సత్యబ్రత ఘోష్ కేసులో వివరించింది. అయితే ఒప్పందంలోనే అలాంటి ఘటనల గురించి స్పష్టమైన నిబంధన ఉంటే మొదట దానినే చూడాలని, అమలు ఖరీదైనదీ కష్టమైనదీ అయినంత మాత్రాన అసాధ్యమైనట్లు కాదని అదే న్యాయస్థానం 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో తీర్పు చెప్పింది.

ఈ సూత్రాలను నేపాల్‌కు అన్వయిస్తే తేదీలకున్న ప్రాముఖ్యం తెలుస్తుంది. విమానాశ్రయం మూసి, నగరమంతా కర్ఫ్యూలో ఉన్న సెప్టెంబరు 9న మొదలుకావలసిన కాఠ్మాండూ యాత్ర అసాధ్యమైందని వాదించడానికి బలమైన ఆధారం ఉంది. 12న సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేసిన తరువాత, విమానాలు తిరుగుతుండగా నెలాఖరుకు పోఖరా వెళ్లవలసినవారు భయంతో మానుకుంటే, చట్టం దృష్టిలో అది యాత్రికుడు తన ఇష్టంతో చేసుకున్న రద్దు కిందికే ఎక్కువగా వస్తుంది. కైలాస యాత్రలో చిక్కు మరింత ఎక్కువ. నేపాల్‌గంజ్ నుంచి చిన్న విమానంలో సిమికోట్‌కు, అక్కడినుంచి హెలికాప్టరులో సరిహద్దు గ్రామమైన హిల్సాకు, ఆపై టిబెట్‌లోని తక్లాకోట్‌కు సాగే దారిలో ప్రతి మజిలీకీ వేర్వేరు సంస్థలు ముందే సొమ్ము తీసుకుంటాయి. కాఠ్మాండూలో ఒక్కరోజు ఆగితే ముందున్న మజిలీలన్నీ తప్పుతాయి గాని, వాటిని నడిపేవారు తమ సేవ సిద్ధంగానే ఉందని, యాత్రికులే రాలేదని అనగలరు. ఇన్ని ముక్కలనూ ఒకే ధరకు అమ్మిన టూర్ ఆపరేటరు మొత్తం యాత్రకు బాధ్యత వహించాలా, ముక్కల మధ్య మధ్యవర్తిగా మిగలాలా అన్నదే అసలు వివాదం.

ఐరోపా ఎంచుకున్న దారి

ఈ వివాదాన్ని ఐరోపా సమాఖ్య చట్టంతో పరిష్కరించుకుంది. 2015లో ఆమోదించి 2018 జులై 1 నుంచి అమలుచేస్తున్న ప్యాకేజీ ప్రయాణాల ఆదేశం ప్రకారం, గమ్యస్థానంలోగాని దాని సమీపంలోగాని తప్పించుకోలేని అసాధారణ పరిస్థితులు ఏర్పడి యాత్రను గణనీయంగా దెబ్బతీస్తే, యాత్రికుడు బయలుదేరక ముందు రద్దు రుసుమేమీ లేకుండా వైదొలగవచ్చు. కట్టిన మొత్తాన్ని నిర్వాహకుడు 14 రోజులలో తిరిగి ఇవ్వాలి. యాత్ర మధ్యలో చిక్కుకుని తిరుగు ప్రయాణం వీలుకాకపోతే సాధారణంగా మూడు రాత్రుల దాకా బస ఖర్చును కూడా నిర్వాహకుడే భరించాలి. బ్రిటన్ ఇవే సూత్రాలతో 2018లో నిబంధనలు చేసుకుని, సమాఖ్య నుంచి వైదొలగిన తరువాతా కొనసాగిస్తున్నది.

పరిస్థితి ఎప్పుడు అసాధారణమైందో తేల్చడానికి అక్కడ విదేశాంగశాఖ ప్రయాణ సలహా కొలబద్దగా పనిచేస్తుంది. 2011 జనవరి 25న ఈజిప్టులో అధ్యక్షుడు ముబారక్‌కు వ్యతిరేకంగా ఉద్యమం మొదలైన కొద్దిరోజులకే బ్రిటన్ విదేశాంగశాఖ కైరో, అలెగ్జాండ్రియా, లక్సర్, సూయెజ్‌లకు అత్యవసరమైతే తప్ప వెళ్లవద్దని సలహా ఇచ్చింది గాని, షర్మ్ ఎల్ షేక్ వంటి ఎర్రసముద్ర తీర విహార కేంద్రాలను అందులో చేర్చలేదు. జర్మనీ విదేశాంగశాఖ మాత్రం ఆ తీరాన్ని కూడా కలుపుకొని ఈజిప్టు మొత్తానికి ప్రయాణం వద్దన్నది. ఫలితంగా ఒకే సముద్రతీరానికి బుక్ చేసుకున్న జర్మన్ల యాత్రలను సంస్థలే రద్దుచేయగా, వెళ్లడానికి వెనుకాడిన బ్రిటిష్ యాత్రికులు సాధారణ రద్దు రుసుములను ఎదుర్కోవలసి వచ్చింది. టీవీలో కైరో తహ్రీర్ చౌకులోని ఉద్యమ దృశ్యాలు ఇరు దేశాలవారినీ ఒకేలా భయపెట్టాయి. రీఫండును నిర్ణయించింది మాత్రం ఆయా ప్రభుత్వాలు గీసిన గీత.

భారత విదేశాంగశాఖ కూడా సలహాలు జారీచేస్తుంది. 2025 సెప్టెంబరు 9న పరిస్థితి కుదుటపడే వరకు నేపాల్ ప్రయాణాలను వాయిదా వేసుకోవాలని పౌరులకు సూచించింది. అయితే మన దేశంలో ఈ సలహా వెలువడగానే రీఫండు హక్కు పుట్టే ఏర్పాటు ఏ చట్టంలోనూ లేదు. వినియోగదారుల కమిషన్ ముందు అది విలువైన సాక్ష్యమే అవుతుంది గాని, తీర్పుకు అదొక్కటే చాలదు.

గమ్యస్థానం ప్రశాంతంగా ఉన్నా దారి మూసుకుపోయే సందర్భాలూ ఉన్నాయి. 2008 నవంబరు 25న థాయ్‌లాండ్‌లో ప్రభుత్వ వ్యతిరేక పసుపుచొక్కాల ఉద్యమకారులు బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయాన్ని ముట్టడించగా, అధికారపక్షాన్ని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం డిసెంబరు 2న రద్దుచేసేదాకా వారు కదలలేదు. ఆ వారం రోజులూ లక్షలాది ప్రయాణికులు నిలిచిపోయారు. కొందరిని ఉతాపావ్ నౌకాదళ స్థావరం నుంచి తరలించారు. అలాంటప్పుడు టికెట్టు సొమ్ముకన్నా, అదనంగా ఉండవలసి వచ్చిన రాత్రుల గది అద్దె పెద్ద భారమవుతుంది. ఆ అద్దెను తిరిగి రాబట్టుకోవడానికి యాత్రికునికి సాధారణంగా మిగిలే దారి బీమా.

బీమా ఎక్కడ ఆగుతుంది?

ప్రయాణ బీమా ఉంది కదా అన్న భరోసా చాలాసార్లు పాలసీ పత్రంలోని మినహాయింపుల జాబితా దగ్గర ఆగిపోతుంది. మినహాయింపులంటే ఏయే కారణాలవల్ల జరిగిన నష్టానికి బీమా సంస్థ డబ్బు చెల్లించదో చెప్పే అంశాలు. యుద్ధం, అంతర్యుద్ధం, విప్లవం, సాయుధ తిరుగుబాటు వీటిలో తరచుగా ఉంటాయి. అల్లర్లు, సమ్మెలవల్ల విమానం రద్దయితే చెల్లించే పాలసీలు కొన్ని, వాటికీ చెల్లించనివి కొన్ని ఉన్నాయి. వీధి ప్రదర్శన ఒక్కరోజులో ప్రభుత్వ పతనంగా మారిన నేపాల్ వంటి చోట జరిగినదానిని అల్లర్లు అనాలా, తిరుగుబాటు అనాలా అన్న దానిమీదే క్లెయిము నిలుస్తుంది, లేదా పోతుంది.

'తెలిసిన ఘటన' అనే సూత్రం కూడా బీమాలో కీలకం. అల్లర్ల వార్త బయటకు వచ్చిన తరువాత కొన్న పాలసీ ఆ అల్లర్లకు వర్తించదు. వెళ్లడానికి భయమేసి మానుకోవడం సాధారణ పాలసీలలో చెల్లింపు కారణం కాదు. అందుచేత యాత్రకు అడ్వాన్సు కట్టిన రోజే పాలసీ తీసుకోవడం, తీసుకునే ముందు 'యాత్ర రద్దు', 'యాత్ర అంతరాయం' అనే రెండు శీర్షికల కింద ఏ కారణాలు పేర్కొన్నారో చదవడం అవసరం. క్లెయిమును తిరస్కరిస్తే మొదట సంస్థ ఫిర్యాదుల విభాగానికి, అక్కడ న్యాయం జరగకపోతే బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుమేమీ లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాదులో ఉంది.

సొమ్ము రాబట్టుకునే క్రమం

గమ్యస్థానంలో కల్లోలం మొదలైనప్పుడు యాత్రికుడు మొట్టమొదట మానుకోవలసిన పని తొందరపడి తానే 'క్యాన్సిల్' మీట నొక్కడం. ప్రయాణానికి ఇంకా రోజులుంటే విమాన సంస్థ, టూర్ ఆపరేటరు ఏం ప్రకటిస్తారో వేచిచూస్తూ, ఆ లోగా తేదీ మార్పునో, రీఫండునో కోరుతూ మెయిలు రాసి ఉంచాలి; ఫోనులో ఇచ్చిన హామీలను కూడా అదే రోజు మెయిలులో ధ్రువపరచుకోవాలి. విమానం రద్దయినట్లు వచ్చిన సందేశం, విమానాశ్రయం మూసివేత ప్రకటన, విదేశాంగశాఖ సలహా, కర్ఫ్యూ ఉత్తర్వు, అదనపు బస బిల్లులు తరువాతి ప్రతి క్లెయిముకూ మూలాధారాలు.

టూర్ ఆపరేటరు డబ్బు పట్టుకుంటే, ఏ హోటలుకు ఎంత కట్టారు, ఎంత తిరిగి వచ్చింది, తమ సేవా రుసుము ఎంత అనే లెక్కను విడమరచి ఇవ్వమని లిఖితపూర్వకంగా అడగడం ఫలితమిస్తుంది, ఎందుకంటే అవతలివారు వెనక్కు ఇచ్చిన సొమ్మును కూడా తన దగ్గరే ఉంచుకున్న సంస్థ ఆ లెక్క చూపలేదు. క్రెడిట్ కార్డుతో చెల్లించినవారు, అందని సేవకు డబ్బు తీసుకున్నారంటూ బ్యాంకు ద్వారా ఆ చెల్లింపును వివాదంలో పెట్టవచ్చు. దీనినే 'చార్జ్‌బ్యాక్' అంటారు, దీనికి గడువు పరిమితం. విదేశీ ప్యాకేజీపై వసూలు చేసిన టీసీఎస్, అంటే అమ్మినవారు మూలంలోనే రాబట్టి ఆదాయపు పన్ను శాఖకు జమచేసే మొత్తం, యాత్రికుని పాన్ సంఖ్యపై 26ఏఎస్ పత్రంలో కనిపిస్తే దానిని రిటర్నులో క్లెయిము చేసుకోవచ్చు. వీసా రుసుము మాత్రం సాధారణంగా తిరిగి రాదు.

సంస్థలు స్పందించకపోతే విమాన టికెట్టుకు కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌సేవా పోర్టల్, ఏ సేవకైనా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 అందుబాటులో ఉన్నాయి. ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదీ తాను నివసించే చోటే కేసు వేయవచ్చు కాబట్టి, ముంబయిలోనో ఢిల్లీలోనో కార్యాలయం ఉన్న సంస్థపై గుంటూరు, వరంగల్ వాసులు తమ జిల్లాలోనే ఫిర్యాదు చేయగలరు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షలు మించకపోతే రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. ఏకపక్షంగా వినియోగదారుని నష్టపరిచే షరతులను 'అనుచిత ఒప్పందం'గా పరిగణించి రాష్ట్ర కమిషన్ కొట్టివేయడానికి కూడా ఈ చట్టం వీలు కల్పించింది.

ఇన్ని దారులున్నా, యాత్ర రద్దయిన ప్రతి కుటుంబమూ వేర్వేరు కౌంటర్ల చుట్టూ తిరిగి ఒక్కో ముక్కనూ విడిగా రాబట్టుకోవలసి రావడం మన వ్యవస్థలోని లోపం. విమాన టికెట్టుకు రీఫండు నియమాలు రూపొందించగలిగిన ప్రభుత్వం ప్యాకేజీ యాత్రలకు అలాంటి చట్టాన్ని తేలేకపోవడానికి కారణం కనిపించదు. అమ్మిన సంస్థే మొత్తం యాత్రకు బాధ్యురాలు కావడం, విదేశాంగశాఖ సలహాకు చట్టబద్ధమైన విలువ ఉండడం, నిర్ణీత గడువులో రీఫండు చెల్లించడం అనే మూడు సూత్రాలు అందులో ఉంటే చాలావరకు వివాదాలే తలెత్తవు. అలాంటి చట్టం వచ్చేదాకా యాత్రికులు సంతకం పెట్టే ముందు ఫారం వెనుక పేజీని చదవాలి, అడ్వాన్సు కట్టిన రోజే బీమా తీసుకోవాలి, కల్లోలం వచ్చినప్పుడు తొందరపడి తామే రద్దుచేసుకోకుండా అవతలివారి నిర్ణయం వెలువడేదాకా ఆగాలి.